ముప్పై పైసలు

నర్సంపేట దాటినంక బస్సు సగం ఖాళీ.
మిగిలినోళ్లు మిర్చి ఏరబోతున్న ఆడోళ్లు,
నేను, నా ఒడిల ట్యాబు.
అండ్ల నూట పద్నాలుగు ప్రశ్నలు.
పెట్టిన ఒక్కో రూపాయికి ఎన్ని రూపాయల మంచి జరిగిందో
నెలాఖరు లోపట తేల్చాలె,
రుజువుతోటి.

ఆశా మొగిలమ్మ వాకిట్ల మిర్చి ఎండుతాంది.
తుమ్ముకుంటనే కూసున్న.
"గీటి రేటు సుత అడుగుతవా?" అన్నది.
"ఎనుమాముల యార్డుల పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."

మీరు లేకపోతే ఏమయ్యేది?
మిర్చి తిప్పుకుంట ఆలోచించింది.
"బానోతు సక్రి కాన్పు నేను లేకున్నా అయితుండె సారూ,
పిల్ల ఆగదు గదా.
ఏడ అయితుండెనో, గది తెల్వది."
ట్యాబుల 'ఏడ' అనే గడి లేదు.
వర్తించదు అని నొక్కిన.

ఈ మార్పుల మీ వాటా ఎంత శాతం?
ఎవలైనా ఎక్కువ చెప్తరు, కోసుకోవాలె అని
మాకు రెండు రోజులు శిక్షణ.
ఆమె వేళ్ల మీద పంచుడు షురూ చేసింది,
పెండ్లిల కూర వడ్డించినట్టు.
నూట ఎనిమిది రాలే, ఆటో రాజలింగుకు ఇరవై.
వాగుల కట్టె పట్టి ముందు నడిచిన సక్రి మరిదికి పది.
ఎమ్జీఎంల చేయి పట్టి లోపలికి తీస్కపోయిన నర్సమ్మకు,
పేరు యాదికి లేదు, ముప్పై.
సక్రి అత్తకు పదిహేను:
"మొదాలు గడప దాటనియ్యలే ముసల్ది.
మల్ల తనే కమ్మలు తీసి ఆటోకిచ్చింది."
ఆ గడియల వాన ఆగినందుకు ఐదు.
"సక్రికి పదిహేనన్న ఇయ్యి, నొప్పులు ఆమెవి."
ఇంక ఐదున్నయి అన్న.
"నాకు రెండు రాయి.
మూడు ఆపు. ఎవలనన్న మర్శిపోయినుంటం."

తర్వాత తనే అడిగింది:
"మద్దెల ఓదెలు సంగతి గూడ రాస్తవా?
దమ్ము బీమారికి ఆర్నెల్లు నా ముందట మందు మింగిండు.
నయమైంది.
గిప్పుడు తాగి పెండ్లాన్ని కొడుతాండు.
గా చేతుల బలం నేను మింగిచ్చిన గోలీలదే గదా."
అనుకోని ఫలితాలు, అని ఒక గడి ఉంది.
రాసిన.
ఆఫీసుల ఆ వరుస తీసేసిండ్రు.

హన్మకొండ హోటల్ల చల్లటి హాలు.
తెర మీద ఆకుపచ్చ అక్షరాలు:
ఒక్క రూపాయికి నాలుగు రూపాయల ముప్పై పైసలు.
చప్పట్లు, సమోసాలు.
పైసలిచ్చిన సంస్థ ఆయన వెనుక నుంచి లేసి
ఆ ముప్పై పైసలు ఎట్ల వచ్చినయని అడిగిండు.
మా డైరెక్టరు నా దిక్కు చూసిండు.

చెప్పిన:
నడిరాత్రి తలుపు కొడితే తెరుచుడు.
దానికి బజార్ల ధర లేదు.
రాత్రి ఆటోలు డబల్ కిరాయి తీస్కుంటయి,
దాన్నే ధర అనుకున్నం.
ఏడాదికి ఇరవై మూడు రాత్రులు. గుణించినం.
ఆయన రాసుకున్నడు. బాగుంది అన్నడు.

ఇరవై మూడు మొగిలమ్మ చెప్పింది కాదు.
"ఎవలు లెక్కపెడతరు సారూ" అని చాట చెరుగుతనే ఉండె.
గోడ మీద క్యాలెండర్ల సున్నాలు చుట్టున్నయి,
నేనే లెక్కపెట్టుకున్న.
బస్సు దాక వచ్చిన ఆమె బిడ్డ నవ్వింది:
"అవి పాలాయన రాని రోజులు, అన్నా!"
అప్పటికే సిగ్నల్ దొరికి ఫారం పోయింది.

మీటింగు అయిన రాత్రి నిద్ర పట్టలే.
అసలు లెక్క అడిగి దిద్దుదామని ఫోన్ చేసిన.
పదకొండు దాటింది.
మోగి మోగి ఆగింది.
ఇంకోసారి చేసిన.
బిడ్డ ఎత్తింది, నిద్ర గొంతు:
"అమ్మ ఫోన్ ఇడిసి ఉరికింది.
ఎవరింటికో తెల్వది."