ఏడో నంబరు కెమెరా

సాయంత్రం నాలుగున్నరకే చీకటి.
పుంటా అరేనస్‌లో జూన్ నెల పగలు అంతే,
వచ్చినట్టే వచ్చి, చెప్పులైనా విప్పకుండా వెళ్ళిపోతుంది.
జలసంధి మీది గాలి
ఉన్ని గోదాము రేకుల్ని ఒక్కొక్కటీ పీకి చూస్తోంది.

ఫిర్యాదు ఒక్క ముక్క: కెమెరాలు సరిగా లేవు.
పదహారింటిలో ఏవని అడిగితే
"నువ్వే చూడు యెస్సేనియా" అని ఫోను పెట్టేశాడు మేనేజరు.
రోగికి నోరు లేదు, చుట్టాలకు తీరిక లేదు.
ఇలాంటి చోటికే పిలుస్తారు నన్ను.

ముందు పాస్‌వర్డు.
పెట్టిన మాన్సిల్లా పీతల పడవెక్కి రెండేళ్ళు.
వాడి కూతురి పేరు కొట్టాను, కాదంది.
వాడి ఫుట్‌బాల్ జట్టు, కాదంది.
చివరికి మానిటరు వెనక, దుమ్ము కింద, అంటించిన చీటీ:
తాళంకప్పకే చెవి కట్టి పోయిన మహానుభావుడు.

మూడోది నల్లగా ఉంది.
మూడుకీ పదకొండుకీ నెట్‌వర్కులో ఒకటే చిరునామా,
ఒకటి కన్ను తెరిస్తే రెండోది మూస్తుంది.
వేరు కాపురం పెట్టించాను.

ఐదోది రాత్రికి నాలుగొందల సార్లు దొంగ దొంగ అంటుంది.
నిచ్చెనెక్కితే సాలీడు,
లెన్సు వెచ్చదనానికి చేరి గూడు కట్టుకుంది.
అద్దం తుడిచి, కదలిక గీత కాస్త దించి,
సాలీడుని అగ్గిపెట్టెలో తెచ్చి హీటరు వెనక వదిలాను.
అది బిల్లులో వెయ్యలేదు.

తొమ్మిదోది, కరెంటు పోయొచ్చినప్పటి నుంచి
పందొమ్మిదివందల డెబ్బై జనవరి ఒకటిలో ఉంది.
దాని లెక్కలో నేనింకా పుట్టలేదు.
గడియారం సర్వరు చూపించి
యాభై ఏళ్ళు ఒక్క నొక్కుతో దాటించాను.
పాపం, ఏమీ అడగలేదు.

"ఏడోది బాగానే ఉంది" అన్నాడు కాపలా ఒయార్సో,
నేనింకా ఏడు దాకా రాకముందే.

చూస్తే బాగానే ఉంది, అన్నిటికంటే స్పష్టంగా:
పక్క గేటు, దీపస్తంభం,
ఒక ముందుకాలు ఎత్తి నిలబడ్డ నల్ల కుక్క,
గాలికి తోక ఒక పక్కకి.
మాతే గొట్టం నోట్లో పెట్టుకుని చూస్తూనే ఉన్నాను.
కిటికీలో మంచు కురుస్తోంది.
ఏడులో కురవడం లేదు.
మూలనున్న అంకెలు: మే ఇరవై, మూడూ పన్నెండు, నలభై ఏడో సెకను.
నలభై ఎనిమిది రాలేదు.

డ్యూటీ పుస్తకంలో పందొమ్మిది రాత్రులు,
వంకర అక్షరాలు: "ఏడు: క్షేమం."

"త్రూకో" అన్నాడు.
"ఆ పొద్దున్నే లారీ వెనక్కి తీస్తూ..."
ఎవరు తీస్తూ అన్నది చెప్పలేదు.
గిన్నెలో ఆకు కదుపుతూ కూర్చున్నాడు.

"మరి గేటు? ఏమన్నా పోయిందా?"
"నూలుపోగు పోలేదు. గంటకోసారి నడిచి వెళ్ళి చూసొస్తున్నా."
ఈ గాలిలో, అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో,
చెడిపోయిన కెమెరా పని తను చేస్తూ.

ఫొటో తీసి ఇస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు.
"కాగితం మీదయితే ఆగిపోయినట్టుంటుంది."

నా వేలు మౌసు మీదే ఉంది చాలాసేపు.
ఆయనే అన్నాడు: "కానీ."

తెర నల్లబడింది. సిగ్నలు లేదంది. చక్రం తిరిగింది.
తర్వాత మంచు, అడ్డంగా ఎగురుతూ.
గేటు. దీపస్తంభం.
గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చిన ఒక జత బూటు గుర్తులు,
వాటి మీద వాటికంటే పాతవి, సగం పూడి.

ఇద్దరం సెకన్లు కదలడం చూశాం కాసేపు.

రిపోర్టులో రాశాను:
ఏడు, చిత్రం నిలిచిపోయింది, సర్వీసు మళ్ళీ మొదలుపెట్టాం.
కారణం అన్న గడి ఖాళీగా ఉంటే మేనేజరు ఒప్పుకోడు.
గాలి, అని రాశాను.