గ్రాసా మలుపు

లిస్బన్‌లో ట్రామ్ తోలే అడెలీనో
రోజుకు పదకొండుసార్లు
తానుండిన ఇంటి ముందు నుంచే పోతాడు.
ఆగడు. అక్కడ స్టాపు లేదు.

అద్దె మూడింతలైన నెల
తాళంచెవి ఇచ్చేశాడు.
ఇప్పుడా తలుపుకి అంకెలు నొక్కే డబ్బా,
వారానికో కొత్త కుటుంబం,
బాల్కనీలో ఎవరివో తడి తువ్వాళ్లు.

రొట్టెల కొట్టు జుల్మీరా మూసేసింది.
వారం ఉండి పోయేవాళ్లు ఖాతా పెట్టరుగా.
బడిలో రెండో తరగతికి పిల్లలు చాల్లేదట.
పై అంతస్తు ముసలాయన పోయిన సంగతి
నాలుగు రోజులకి వాసన చెప్పింది.

రాత్రి డ్యూటీ దిగి
నది ఒడ్డున కారు సీటు వెనక్కి వాలుస్తాడు.
యూనిఫాం మాత్రం హ్యాంగర్‌కి.
ముడత పడకూడదు.

పొద్దున టూరిస్టు ఒకామె అడిగింది,
"ఈ వీధిలో ఎవరుంటారు?"
గంట కొట్టాడు.
మలుపొచ్చింది.