ఇరవైనాలుగో గడి

కందుకూరు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురు సందులో
జిరాక్సు కొట్టు మీద నా గది.
కింద స్టాంపు కాగితాల బేరాలు. పైన నేను,
ఇంకా పుట్టని చిప్పు కోసం
అసెంబ్లరుకి ఒక కొత్త మాట నేర్పుతూ.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే
నవ్వుకోడానికి పుట్టిన సామెతనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఇప్పుడు నా రాత్రిళ్ళన్నీ అదే పని.
చిప్పు ఏ దేశంలోనో ఇంకా ఇసకే.
అది కళ్ళు తెరిచేనాటికి
పిలిచే పేరు సిద్ధంగా ఉండాలి.

ఆదేశం చిన్నదే: నిండితే పొర్లకుండా ఆగే కూడిక.
మామూలు కూడిక అంచు దాటితే
గిర్రున తిరిగి సున్నా దగ్గర తేలుతుంది.
రాళ్ళపాడు నిండితే అలుగు పారుతుంది.
ఇది పారదు. అంచు మీదే నిలబడి
ఇంతే, అంటుంది.
నాకెందుకో ఆ నిబ్బరం నచ్చింది.

ముప్పైరెండు గడులు. అంతే చోటు.
ఒంగోలు బస్సు కిటికీలోంచి తువ్వాళ్ళేసినట్టు
పాత ఆదేశాలు ఎప్పుడో సీట్లు పట్టేశాయి.
"ముందుముందుకి" అని ఎవరో వదిలిపెట్టిన సందులో
ఒదిగి కూర్చోవాలి ఇది.

పేరుకి ఒక వరస. గడుల లెక్కకి ఒక వరస.
ఫలానా చిప్పుకని అడిగితేనే ఇవ్వమని ఒక షరతు.
మిగతా రెండొందల వరసలూ పరీక్షలే:
కామా మరిస్తే కోప్పడాలి,
నాలుగో రిజిస్టరు ఇస్తే ఎక్కువైందనాలి.
ఒప్పుని ఒప్పుకోడానికి క్షణం పట్టదు,
తప్పుని తప్పనడానికే ఇంత రాత.

అన్నీ పచ్చగా వచ్చాయి.
కంపైలరు కట్టిన పెద్ద ప్రోగ్రాము మాత్రం
ఎక్కడో తప్పు లెక్క చెబుతోంది,
గొడవ చేయకుండా, మర్యాదగా.
మూడు రాత్రులు.

కరెంటు పోయిన మధ్యాహ్నం మంచినీళ్ళకని పైకొచ్చాడు
దస్తావేజుల మాల్యాద్రి.
జిల్లా పేరు మారినప్పుడల్లా
రబ్బరు స్టాంపు మార్చుకునే మనిషి.
ఊరు కదల్లేదు, చేను కదల్లేదు,
చదివే ఆఫీసు మారిందంతే అంటాడు.
గోడకి అంటించిన గ్రాఫు కాగితం చూశాడు.
"ఏందమ్మా ఇది, ప్లాట్లా?"
అట్టాంటిదే అన్నాను.
కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని
నంబర్ల మీద వేలు జరుపుతూ పోయి, ఆగాడు.
"ఈ ఇరవైనాలుగో గడి
ఇద్దరికి రాశావే. హద్దు తగాదా వస్తది."

వచ్చే ఉంది.
పదిహేడో రిజిస్టరుని పిలిస్తే
ఒకటోది పలుకుతోంది అందుకే.
నా పరీక్షల్లో అన్నీ పదహారు లోపలివే,
ఆ గడి అవసరమే పడనివి.
గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన
ఇంకా వెతుకుతూనే ఉన్నాడు, ఇంకేమన్నా దొరుకుతాయని.

సరిచేసి పంపాను. సముద్రానికవతల ఎవరో చదివి
ఒకచోట ఖాళీ తీసేయమన్నారు,
ఇంకోచోట పెట్టమన్నారు. పెట్టాను.
మా పత్రాల కిందా సాక్షుల వరసలుంటాయి:
రాసినవారు, చూసినవారు, తప్పు పట్టినవారు.
కిందికి దిగి, మీ పేరు వేస్తానన్నాను.
"సాక్షికి ఏమన్నా ఇస్తారా మీ ఆఫీసులో?"
ఇవ్వరు.
"మరి ఎవురి పేరన రిజిస్ట్రేషను?"
ఎవరి పేరనా కాదు. కావలసినవాళ్ళు వాడుకోవచ్చు.
స్టాంపు ప్యాడు మూత పెట్టి కాసేపు ఆలోచించాడు.
ముప్పై ఏళ్ళలో
అట్టాంటి కాగితం ఒక్కటి రాయలేదన్నాడు.

తర్వాత నా చేతిలో పెన్ను తీసుకుని
చిత్తు కాగితం మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో
ఇంటిపేరుతో సహా రాసిచ్చాడు.
"మద్దులూరి. రెండు డీలు.
ఒక్క అక్షరం తప్పినా చెల్లదు, చూసుకో."