చెయ్యి తిరగడం

లేబుల్ మీద ఏం రాయాలనా?
ముందు ఆ గ్లవ్స్ తీసెయ్ మ్యూజియం అబ్బాయీ.
కుర్చీయే అది. పట్టుకుంటే మాసిపోదు.

నలభై ఒక్క ఏళ్ళు
స్వెన్‌బోర్ రేవు పక్కన ఈ షెడ్డులో
ఆస్గెర్ రౌన్‌హోల్ట్ కుర్చీలకి సీట్లు అల్లాను.
కాగితపు నులక, కాస్త తడిపి,
ఒక్కో సీటుకి నూట ముప్ఫై గజాలు.
యుద్ధంలో సముద్రపు గడ్డి దొరక్క పట్టిన అలవాటు,
యుద్ధం పోయింది, నులక ఉండిపోయింది.

చెయ్యి తిరిగినవాడు అనేవాళ్ళు ఆయన్ని.
నిజమే. చిత్రిక పడితే ఓక్ చెక్క మీంచి
ఉల్లిపొర లేచేది.
కుసి దించితే మేకు ఊసే లేదు,
జిగురు కూడా మొహమాటానికే.

చెయ్యి తిరగనిది రగ్నకి.

ఇదిగో, కుర్చీ చెయ్యి చూడు.
మోచేతి దగ్గర సన్నగా మొదలై
చివర అరచేతంత వెడల్పై కిందికి వాలింది.
సముద్రపు అల అని రాశారు మీ పుస్తకాల్లో.
కొంగ రెక్క అన్నాడు ఇంకొకాయన.

కీళ్ళవాతం, బాబూ.
ముప్ఫై ఆరో ఏటే వేళ్ళు ముడుచుకుపోయాయి ఆవిడకి.
గుండీలు ఆయనే పెట్టేవాడు.
పిడికిలి బిగించి లేవలేదు,
మణికట్టు ఆనించి లేవాలి.
ఆనించడానికి చోటు కావాలి. అంతే.

పదకొండు జతలు చెక్కాడు.
ఆదివారం ఒక జత పట్టుకెళ్ళి
మాట్లాడకుండా బిగించేవాడు.
ఆవిడ మాట్లాడకుండా ప్రయత్నించేది.
పది జతలు పొయ్యిలోకి పోయాయి,
ఆ చలికాలం వాళ్ళింట్లో బొగ్గు కొనలేదు.

పదకొండోసారి లేచి
తిన్నగా కిటికీ దాకా నడిచి
చాలాసేపు పడవలు చూసింది.
తర్వాత, తిరక్కుండానే,
"సీటు ఇంకో అంగుళం తగ్గించు" అంది.
తగ్గించాడు.

ఇప్పుడు టోక్యోలో, టొరంటోలో
ఏ నొప్పీ లేనివాళ్ళు
ఆ నొప్పి కొలతల్లో చేతులు వాల్చి
ఎంత హాయిగా ఉందో అంటారట.
ఉంటుంది మరి.

మీరు చుట్టూ తాడు కట్టి
ఎవర్నీ కూర్చోనివ్వరు కదా.
పోన్లే, నా అల్లిక సడలదు.
ఒక్కటే మాట.
ఎడమ చేతి చివర
పాలిష్ పోయి నల్లగా నునుపెక్కింది చూశావా?
బాగు చెయ్యనివ్వకు.
అది ఆయన పని కాదు,
పంతొమ్మిదేళ్ళు పట్టింది ఆవిడకి.

లేబుల్‌లో చోటుంటే
అది రాయి.