పన్నెండున్నరకి ఆగే జీపు

నిడుజివ్వి గనుల దారిలో
సరిగ్గా పన్నెండున్నరకి ఆగిపోతుంది నా జీపు.
వెనక నలభై రెండు క్యారియర్లు.
రాళ్ల కాడ నలభై రెండు ఆకళ్లు.
బానెట్టెత్తి, ఇంజను పక్కనున్న నల్ల డబ్బా మీద
తడిగుడ్డ వేసి కూర్చుంటాను.
పావుగంటకి కళ్లు తెరుస్తుంది.
అదే పొద్దున్నే మెకానిక్కు కాడికి తోలుకుపోతే
ఒక్క దగ్గూ దగ్గదు,
ఎంత బుద్ధిమంతురాలో!

"కాయిలు బాగుంది ఓబులక్కా, పెట్రోలూ బాగుంది.
ఇదో, ఈ ఇగ్నిషన్ మాడ్యూలుకే
ఎండకి మతి పోతాండాది," అన్నాడు ఉసేనప్ప.
మూడు తెచ్చి ముందర పెట్టినాడు.

ఒకటి తళతళలాడే అట్టపెట్టెలోది, ఆరునూర్లు.
దాని పేరు చదవను జిలానీకి నోరు తిరగలేదు.
ఒకటి మద్రాసు పార్సిలు, రెండువేల ఎనిమిదినూర్లు,
తోడుగా తెల్ల పేస్టు చిన్న గొట్టం.
ఇంకోటి
ముద్దనూరు తుక్కంగడిలో ఏదో జీపు కడుపులోంచి పెరికింది.
ధర అడిగితే "నీ ఇష్టం" అన్నాడు.
నాకు ఆ మాటంటేనే భయం.

"నేను చెప్తే నా బేరమైతాది.
బండనే అడుగుదాం పా."

షెడ్డు ముందర నాపరాతి అరుగు.
చెప్పుల్లేకుండా కాలు పెట్టలేని మధ్యాన్నం.
మూడింటినీ దాని మీద బోర్లించి
నీడలో టీ తాగుతా కూర్చున్నాం.
రైలుగేటు రెండుసార్లు పడింది, లేచింది.
సిమెంటు లారీ ఒకటి మా మొహాలకు పౌడరేసి పోయింది.

గుడ్డతో పట్టి ఒక్కోదానికీ వైర్లు తగిలించాడు.
అట్టపెట్టెది తొలి నిప్పుకే మూగబోయింది.
మిగతా రెండూ
చిటచిటమని నీలంగా మాట్లాడినాయి.

చిక్కంతా అక్కడే.
పాతది ఎవరెవరి ఎండలు తాగిందో,
ఇంకెన్ని ఎండలు మిగిలినాయో
దాని మీద రాసి లేదు.
కొత్తదాని మీద ధర రాసుంది:
నా ఎనిమిది రోజుల బాడుగ.

కొత్తదే తీసుకున్నాను, రెండు కంతులకి.
పాతదాన్ని నూటయాభైకి అడిగి
పదో నంబరు స్పానరు పక్కన
టూల్‌బాక్సులో పడుకోబెట్టాను.

పేస్టు నేనే పూశాను.
"పల్చగా అక్కా, పల్చగా,
తమలపాకుకి సున్నం రాసినట్టు.
ఎక్కువైతే పొక్కుతాది."

మర్నాడు పన్నెండున్నరకి
తుమ్మచెట్టు మలుపు కాడ
జీపు ఆగలేదు.
అలవాటు పడిన నా కాలే
యాక్సిలేటరు మీంచి లేచింది.
సీటు మీది తడిగుడ్డ
ఎవరికీ పనికిరాకుండా ఆరిపోయింది.

గనిలో తిరుపాలు మూత తీసి
సంగటిలో వేళ్లు పెట్టి
చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.
"ఏందక్కా ఇది,
కాలతాంది!"