నూరు లెక్కపెట్టేదాక

ట్రూప్ బజార్‌ల పన్నెండున్నర.
గాజు కౌంటర్ మీద మూడు బ్యాటరీలు
పెండ్లిచూపులకొచ్చినట్టు కుదురుగ కూసున్నయి.

"ఇది ఇరవై వోల్టులు, అది పద్దెనిమిదే" అన్నడు
కొట్టు మీది పిల్లగాడు ముర్తుజా.
వీరాచారి మామ కండ్లద్దాలు పైకి జరిపిండు.
"చార్జర్ మీదికెళ్లి తీసిన మొదటి నిమిషం ఇరవై.
పనిల దిగినంక పద్దెనిమిది.
రెండూ ఒక్కటే బిడ్డా,
ఒకటి పెండ్లినాటి ఫొటో,
ఒకటి పొద్దున లేచిన మొఖం."

రెండోది నల్లగ మెరుస్తున్నది, సగం ధర.
అరచేతిల రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నడు.
"మీద అయిదు ఆంపియర్లని రాసిండ్రు,
లోపల మూడు గూడ లేవు.
ఎవరి పాత లాప్‌టాప్‌ల పీకిన సెల్లులో,
రాత అబద్ధమాడుతది గని
బరువెట్ల ఆడుతది?"
ముర్తుజా దాన్ని మెల్లగ సొరుగుల పెట్టిండు,
మేం చూడనట్టే.

మూడోది అసలుది. అయిదు ఆంపియర్లు,
ఇటుక అంత.
నా మనసు పొద్దటి సంది దాని మీదనే.
రోజంతా వస్తది,
మాటిమాటికి నిచ్చెన దిగే పనుండదు,
సైట్‌ల నలుగురు చూస్తరు గూడ.

మామ దాన్ని డ్రిల్లుకు తగిలించి నా చేతికిచ్చిండు.
"నెత్తి మీదికెత్తు.
నూరు లెక్కపెట్టు. ఇనబడేటట్టు."

సిగ్గైంది.
స్విచ్చులు బేరమాడేటోళ్లు తలలు తిప్పిండ్రు.
ఇరవై దాక ఏం కాలే.
ముప్పై ఆరు కాడ మెడ నరం లేసింది.
యాభై రెండు కాడ మోచెయ్యి వణికింది.
అరవై నాలుగు అన్ననో, అరవై ఆరు అన్ననో.
గుమ్మంల వైరు కట్టలు మోస్తున్న హమాలీ
తన కట్ట కిందికి దించి
"దించు తమ్మీ" అన్నడు.
ఆయన ఒక్కడే నవ్వలే.

తర్వాత చిన్నది, రెండు ఆంపియర్లది.
నూరు దాటిన. నూట పది గూడ అన్న, పంతానికి.

"మనది సీలింగ్ పని.
గోడకు రంధ్రం పెట్టేటోడు పెద్దది కొనుక్కోనీ,
బరువు వాని నడుం చూసుకుంటది.
నువ్వు ఆరు గంటలు మొఖం పైకి పెట్టి నిలబడాలె.
చిన్నయి రెండు తీస్కో.
ఒకటి పనికి పోతే ఒకటి కరెంటు తాగుతుంటది."
అని పైసలు లెక్కపెట్టిండు, ఎడమ చేత్తోని.
కుడి చెయ్యి చెవి దాటి లేవక నాలుగేండ్లు.
ఆయన కాలంల వైరు మిషను,
నాలుగు కిలోలు.
ఏ కొట్టుల ఎవరూ
ఆయనతోని లెక్కపెట్టియ్యలే.

పోతుంటే ముర్తుజా ఒక మాట కలిపిండు:
మా పాత చార్జర్ నీలంది,
పచ్చ రంగు బ్యాటరీని అది దగ్గరికి రానియ్యదని.
మామ నీలంవే తీసిండని అప్పుడు చూసిన.

ఇయ్యాల పుప్పాలగూడ, ఇరవై మూడో అంతస్తు.
కిటికీలకు ఇంకా అద్దాలు రాలే,
మే నెల గాలి పొయ్యి లెక్క కొడుతున్నది.
దింపిన బ్యాటరీ చెయ్యి కాలేటట్టున్నది.
చార్జర్ల పెట్టబోతే మామ ఆపిండు.
"ఎండల పడి వచ్చినోనికి
చెమటారక ముందే అన్నం పెడ్తవా?"
సిమెంటు బస్తా మీద కూసొని
దాన్ని ఒళ్లె పెట్టుకున్నడు,
అట్టముక్కతోని ఇసురుకుంట.
నేను నవ్విన. ఆయన ఆపలే.

ఇంక రెండు జిప్సం షీట్లు.
ఒకటే లైటు మినుకుమంటున్నది.
స్క్రూ సగం దిగి ఆగిపోయింది.
నేను అడగకముందే
కింది నుంచి ఎడమ చెయ్యి లేసింది,
చల్లారింది పట్టుకొని.
టక్కుమని పడ్డది.

డ్రిల్లు మోత నడుమ నడుమ
ఆయన గొంతు ఇనబడుతున్నది.
నలభై ఒకటి, నలభై రెండు...
స్క్రూలు లెక్కపెడుతున్నడో
నా భుజాన్నో
అడగలే.