నష్టానికి కారణం

ఆదోని మార్కెట్ యార్డు వెనక, మూడో నంబరు గోడౌన్‌లో
ఈ ఏడు పదకొండు బస్తాల బుడ్డలు తక్కువొచ్చినాయి.
ఇన్సూరెన్సు సర్వేయరు తాలుకాయ ఒకటి చిదిమి చూసి
'నష్టానికి కారణం' అన్న గడిలో
బ్యాండికూట్ అని రాసి, కింద గీత గీసి
నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

గుమాస్తాగా నాకిది ఇరవై రెండో ఏడు.
తేమ పద్దు వేరు, తరుగు పద్దు వేరు,
హమాలీల ఒడిలో పోయే గుప్పెడుకూ ఒక పద్దుంది.
ఈ పేరు మాత్రం మా చిట్టాకెక్కలేదు ఎన్నడూ.
"ఎవురు సామీ ఆయప్ప, బయటోడా?"
గడ్డపార నేలకానించి అడిగినాడు ఉరుకుందప్ప,
తోకకు పదిహేను రూపాయల లెక్కన
మా గోడౌన్‌లో కొక్కులు పట్టే మనిషి.

కూతురు హులిగెమ్మ, డిగ్రీ రెండో ఏడు,
సద్ది గిన్నెతో పాటు అట్ట ఊడిన నిఘంటువు తెచ్చింది.
ఖాళీ సంచుల మీద కూర్చుని, వేలు పెట్టి చదివి,
"మనదే నాయనా. పందికొక్కు."

పందికొక్కు!
ఏ రేవులోనో ఏ దొరో నోట్లో వేసుకుని
నమల్లేక 'ప'ను 'బ' చేసినాడు.
పంది పోయింది, కొక్కు పోయింది,
తోక మిగిలింది.
ఓడెక్కి ఆస్ట్రేలియా దాకా పోయి
కడుపున సంచి ఉన్న ఇంకేదో జీవి నెత్తిన కూర్చుందంట.
దానికి మన బుడ్డల రుచే తెలీదు.
ఇన్నేళ్లకు తిరిగొచ్చి
మూడు కాపీల ఫారంలో, కార్బన్ కాగితం కింద,
మాకే కొత్తమొగమై నిలబడింది.

మరి గోడౌన్ ఎవరిదమ్మా అంటే
మన గిడ్డంగిదో, మలయావాళ్లదో
పండితులింకా తేల్చలేదంది.
ఎవరిదో తేలని దానికే
రోజూ రాత్రి నేను తాళం వేసేది.

ఇదంతా వింటూనే ఉరుకుందప్ప బొక్క తవ్వుతున్నాడు.
గడ్డపార లేచినప్పుడల్లా ఆయన జబ్బలో
ఏదో ఉండలా ఉరికి, దాక్కుంటోంది.
హులిగెమ్మ పేజీ తిప్పి నవ్వింది.
"మజిల్ అంటే రోమువాళ్ల భాషలో చిట్టెలుక, నాయనా."
ఆయన చెయ్యి మడిచి
చర్మం కింద కదిలేదాన్ని అనుమానంగా చూసుకున్నాడు.
"దీని తోకకెంత ఇస్తావు సామీ?"

మూడు మూరల లోతున గాదె తగిలింది.
కొక్కు లేదు.
బుడ్డలున్నాయి, తట్టెడు.
కొన్ని ఆ చీకట్లోనే మొలకెత్తినాయి.
పోయినాయని నేను సంతకం పెట్టినవే.

సాయంత్రం లెక్క. తోకలు నాలుగు, అరవై రూపాయలు.
శాలరీ అన్న మాటలో ఉప్పుందని ఆ పిల్లే చెప్పింది.
మన జీతంలో ఏముందో ఆ పుస్తకంలో లేదు,
నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో
తెలుగు అయ్యవారు బెత్తంతో నేర్పినాడు:
ప్రకృతి జీవితం, వికృతి జీతం.
నడుమ ఒక 'వి' రాలిపోయింది.
అది ఏ బొక్కలో పడిందో
నేనెప్పుడూ తవ్వి చూడలేదు.

మట్టి బుడ్డలు ఆయన తువ్వాల్లోనే పోయించి
చిట్టా తెరిచినాను. 'ప' రాసి, ఆగినాను.
"ఏదో ఒకటి రాయి సామీ," అన్నాడు ఉరుకుందప్ప,
మూట బిగిస్తూ.
"అది పేరు చూసి రాదు,
వాసన చూసి వస్తాది."